కోల్డ్‌రూం చేతులు

కరీంనగర్‌లో ఏప్రిల్ ఎండకు కుక్కలు కూడా నీడ వెతుక్కుంటుంటే, యేసుదాసు మాత్రం స్వెటర్ చంకన పెట్టుకుని డ్యూటీకి పోతాడు. చూసినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. పాల డెయిరీ కోల్డ్‌రూంలో పదకొండేళ్లుగా ట్రేలు ఎత్తి పేర్చేవాడికి తప్ప ఆ చలి సంగతి ఇంకెవరికి తెలుసు?

ఒకప్పుడు ఆ పనికి ఇద్దరుండేవారు. ఇతను అరగంట లోపలుంటే రాజేశం బయట చేతులు కాచుకునేవాడు, తర్వాత వంతు మారేది. “చలికి చేతులు మొద్దువడితే ఎంత గట్టిగ పట్టినమో తెల్వదన్నా. అవసరం లేకున్నా రెండింతలు బిగవట్టుతం. జర బయటికి రా” అని రాజేశమే పిలిచేవాడు. అతను పని మానేసి మంథని వెళ్లిపోయాక వంతూ లేదు, పిలిచేవాడూ లేడు.

ఇంటికొస్తే భార్య మహిమ, “ఏం చేతులయ్యా గివి, మంచుగడ్డలు!” అని తిడుతూనే వాటిని తన చంకల్లో పెట్టుకుని, వేళ్లు విచ్చుకునేదాకా కూర్చునేది. నిరుడు వానాకాలంలో జ్వరంతో పోయింది. ఇప్పుడు ఆ వేళ్లు విచ్చుకోవడానికి గంట పడుతుంది. ఆ గంటసేపు తిట్టేవాళ్లు కూడా లేకపోవడమే అతనికి అన్నిటికంటే కష్టం.

ఈస్టర్ తెల్లవారుజామున చర్చి సంఘమంతా సమాధుల తోటకు వెళ్తుంది. ఈసారి మహిమకు ఇష్టమైన పాటకు ఆమె సమాధి పక్కనే ఢోలక్ వాయిస్తానని యేసుదాసు నెల ముందే పాస్టరు గారికి మాటిచ్చాడు. ఆ ముందు రాత్రి డ్యూటీకి సెలవడిగితే సూపర్‌వైజర్ శ్రీహరి, “ఎండకాలం, పెరుగుకు మస్తు గిరాకి. నువ్వు రాకుంటే ఎట్లన్నా?” అన్నాడు. కాదనడం మన యేసుదాసుకు పుట్టుకతోనే రాలేదు. తలూపి వచ్చేశాడు.

డ్యూటీ దిగి నేరుగా తోటకు వెళ్లాడు. పాట ఎత్తుకున్నారు. ఢోలక్ మీద చెయ్యి వేశాడు. వేళ్లు ట్రే పట్టుకున్నట్టే వంగి ఉండిపోయాయి. రెండు దెబ్బలు వేస్తే తలుపు బాదినట్టు మోగింది. పాడేవాళ్లు ఒకసారి వెనక్కి చూసి, చప్పట్లు కొడుతూ పాట ముగించారు.

“పరేషాన్ గాకు తమ్మీ, చాయ్ తాగుదాం పా” అంది సంఘంలో పెద్దావిడ స్వరూప.

“నువ్వు పో అక్కా, వస్త” అన్నాడు. సిగ్గుతో ఏడుపొచ్చింది.

అందరూ గేటు వైపు వెళ్లాక, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సమాధి సిమెంటు మీద ఆనించాడు. నిన్నటి ఎండ ఇంకా అందులో మిగిలి ఉంది. గోరువెచ్చగా తగిలింది. ముందు బొటనవేలు కదిలింది, చాలాసేపటికి చూపుడువేలు. పది వేళ్లూ విచ్చుకునేదాకా అలాగే కూర్చున్నాడు.

“మల్ల మంచుగడ్డలే తెచ్చిన. ఒక్కసారన్న తిట్టరాదె” అన్నాడు.

ఎవరూ తిట్టలేదు. యేసుదాసు ఢోలక్ ఒళ్లోకి లాక్కుని పాట మొదటినుంచి ఎత్తుకున్నాడు.