వంటింట్లో ఉన్న జిల్లా

"ముసలామె సోది ఇనుడు గూడ ఒక పనేనా?" అన్నాడు భూమేష్, బూట్ల లేసులు బిగించుకుంటూ.

మమత రెండు చేతులూ చపాతీ పిండిలో ఉన్నాయి. నోరు ఖాళీగానే ఉంది. కానీ పెళ్లైన ఏడేళ్లలో ఆ నోటికి పొద్దున పూట జవాబు చెప్పే అలవాటు తప్పిపోయింది. భూమేష్ అల్ ఖోర్‌లో కంపెనీ క్వార్టర్లకు ఏసీ సూపర్‌వైజర్. అతని పైన మేనేజరు టామ్ సార్ అమెరికా మనిషి. టామ్ సార్ తల్లి మార్జరీకి ఎనభై నాలుగేళ్లు. భర్త పోయాక కొడుకు ఆమెను ఇక్కడికి తెచ్చుకున్నాడు. ఏడాదిన్నరగా పొద్దున ఏడున్నర నుంచి ఒంటిగంట దాకా ఆమెను చూసుకునే పని మమతది. ఆ పని గురించి సిరిసిల్లలో ఉన్న అత్త ముత్తవ్వ కూడా ఫోన్‌లో ఒక మాట అనేసింది. "దుబాయ్‌ల ముచ్చట్లు ఇంటె గూడ జీతమిస్తరా బిడ్డా? నాకు చెప్పకపోతివి, నేనే అస్తుంటి గద!" ఇది ఖతర్ అత్తమ్మా, దుబాయ్ కాదు అని చెప్పడం మమత ఎప్పుడో మానేసింది.

నాలుగున్నరకు లేవడం, అతని డబ్బా, బిడ్డ చైత్ర డబ్బా. చైత్రకు దుమ్ము పడదు. గాలి ఎర్రగా లేచిన రోజున స్కూలు బస్సు మలుపు తిరిగేదాకా మమత మెట్ల మీదే నిలబడుతుంది, ఆ తర్వాత కూడా ఫోన్ చేతిలోంచి దించదు. అక్కణ్ణుంచి పది నిమిషాల నడకలో మార్జరీ కొడుకుతో ఉండే ఇల్లు. స్నానం, మందులు, మెత్తగా ఉడికించిన ఓట్స్, కాలిగోళ్లు, మేజోళ్లు. ఇవన్నీ పనులే. భూమేష్ కూడా వీటిని పనులనే అంటాడు. కానీ గోళ్లు తీస్తున్నంతసేపూ మార్జరీ చెప్పేది వినడం మాత్రం అతని లెక్కలో పని కాదు. మొదట్లో మమతకు పదిలో రెండు మాటలు తెలిసేవి. తెలియనివి నాలుక మీద పట్టి ఉంచుకుని, ఇంటికి వచ్చాక ఫోన్‌లో వెతుక్కునేది. ఆరు నెలలకు ఏడు మాటలు తెలిశాయి. ఏడాదికి ఒక ఊరు మొత్తం తెలిసింది.

ఆ ఊరి పేరు వెల్డన్. కాన్సాస్ గోధుమ పొలాల నడుమ రెండు వేల మంది ఉండే ఊరు. మార్జరీ దాన్ని కౌంటీ సీటు అనేది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, సీటు అంటే ఆ జిల్లాకు కేంద్రం. ఊరి మధ్య చదరంగా మైదానం, మైదానం నడుమ ఎర్రరాతి కోర్టు, దాని చుట్టూ మంగలి కొట్టు, మందుల కొట్టు, విత్తనాల కొట్టు. భూమి కొన్నా, పెళ్లి చేసుకున్నా, చచ్చిపోయినా జిల్లాలో ఎవరైనా ఆ కోర్టు మెట్లు ఎక్కాల్సిందే. వెల్డన్ వాళ్లు గొప్పలు చెప్పుకోరు, కానీ మెడ వంచరు. పదకొండు మైళ్ల దూరంలో ఉన్న కార్బీ అనే ఊరితో వాళ్లకు నూట ముప్పై ఎనిమిదేళ్ల అలక. ఇప్పటికీ కార్బీలో కాల్చిన రొట్టె వెల్డన్ ఇళ్లలోకి రాదు. మార్జరీ ఆ కోర్టులో ముప్పై ఒక్క ఏళ్లు కౌంటీ క్లర్కు. జిల్లాలో పుట్టిన ప్రతి బిడ్డ పేరూ, చేతులు మారిన ప్రతి కుంట భూమీ ఆ ఏళ్లలో ఆమె చేత్తో రాసినవే.

అలక ఎందుకంటే, మొదట జిల్లా కేంద్రం కార్బీ. 1887లో ఓటు పెడితే వెల్డన్ పంతొమ్మిది ఓట్లతో గెలిచింది. కార్బీ వాళ్లు రిజిస్టర్లు ఇవ్వం పొమ్మన్నారు. రిజిస్టర్లు ఎక్కడుంటే జిల్లా అక్కడ. వెల్డన్ నుంచి ఏడుగురు మగవాళ్లు తుపాకులు పట్టుకుని బండి కట్టుకుని పోయి, కార్బీ ఆఫీసు తలుపు పగలగొట్టి, ఇనుప ట్రంకు ఎత్తుకొచ్చారు. ఊరంతా డప్పులు కొట్టింది. మైదానంలో అందరి ముందూ ట్రంకు తెరిస్తే ఏముంది? పాత పంచాంగాలు, గుర్రాల దాణా చీటీలు!

ఇక్కడికి రాగానే మార్జరీ పొట్ట పట్టుకుని నవ్వేది, కత్తెర పక్కన పెట్టి మమత కూడా నవ్వేది. రిజిస్టర్లు ఆఫీసులో ఎందుకుంటాయి? కార్బీ క్లర్కు రోలిన్స్‌కు రాయడం రాదు. పదకొండేళ్లుగా అతని పేరుతో రాసేది అతని పెళ్లాం ఫీబీ. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే పక్కన బల్ల మీద పెట్టుకుని రాసేది. నాలుగు పుస్తకాలూ ఆమె వంటింట్లో, పిండి డబ్బా పక్కన ఉన్నాయి. జిల్లా మొత్తం ఒక ఆడమనిషి వంటింట్లో ఉందన్న సంగతి తుపాకులు పట్టుకున్న ఒక్క మగవాడికీ తట్టలేదు. మూడో రోజు వానలో ఫీబీయే బండి తోలుకుంటూ వెల్డన్ వచ్చింది. "ఓటులో మీరు గెలిచారు. పుస్తకాలు రాసింది నేను. నాకు కూర్చోవడానికి ఒక బల్ల కావాలి" అంది. బల్ల ఇచ్చారు. ఇచ్చి, కోర్టు గుమ్మం పక్కన రాతి ఫలకం మీద జిల్లాను తెచ్చిన వీరులని ఆ ఏడుగురి పేర్లు చెక్కారు.

ఈ కథ విన్న మొదటిరోజు మమత ఇంటికి నడిచి వస్తూ దారిలో ఆగిపోయింది. ఆమెది సిరిసిల్ల. 2016లో సిరిసిల్లను జిల్లా చెయ్యాలని టెంట్లు వేసి దీక్షలు చేసినప్పుడు ఆమె ఇంటర్ మొదటి సంవత్సరం. వాళ్లమ్మ బీడీలు చేస్తుంది. వాడకట్టు ఆడవాళ్లందరితో కలిసి పొద్దంతా టెంటులో కూర్చుంటే, ఇంట్లో అమ్మ వంతు బీడీలు చుట్టింది మమత. ఆకు కత్తిరించి, తంబాకు వేసి, చుట్టి, దారం కట్టి. రోజుకో వెయ్యి. కాలేజీకి పోలేదు. దసరా నాడు జిల్లా వచ్చింది. రంగులు చల్లుకున్నారు. పేపర్లో ఫోటోలు పడ్డాయి, టెంటులో ముందు వరసలో కూర్చున్నవాళ్లవి. మమతకు హాజరు చాలలేదని పరీక్షకు కూర్చోనియ్యలేదు. "ఆడివిల్ల సదువు, ఆగితె ఆగింది, సంబంధం సూడుండ్రి" అన్నాడు మేనమామ. ఈ సంగతి పెళ్లైన కొత్తలో భూమేష్‌కు చెబితే, "అంటే నీ బీడీలతోని జిల్లా అచ్చిందా?" అని స్నేహితుల ముందు నవ్వాడు. ఆ తర్వాత ఆమె ఎవరికీ చెప్పలేదు. పన్నెండు వేల కిలోమీటర్లకు అవతల, నూట ముప్పై ఏళ్ల కిందట, ఇంకొక ఆడది వంటింట్లో కూర్చుని జిల్లాను మోసిందని తెలిసినప్పుడు మాత్రం, నేనొక్కదాన్నే కాదన్నమాట అనుకుంది. అప్పటినుంచి ఆమె వినడం మారిపోయింది. తేదీలు అడిగింది, గదులు అడిగింది, ఏ పుస్తకం ఏ అరలో ఉందో అడిగింది. ఇన్నేళ్లూ ఊళ్లో ఇవి అడిగేవాళ్లు లేక ఎండిపోయిన మార్జరీ చెప్పిందే మళ్లీ చెప్పింది.

ఈ వేసవిలో మార్జరీ మతి జారడం మొదలైంది. కొడుకును చనిపోయిన భర్త పేరుతో పిలిచేది. సరిగ్గా అప్పుడే వెల్డన్ నుంచి కబురు వచ్చింది. కోర్టు బాగుచేస్తున్నారు, ఫలకం కొత్తగా చెక్కిస్తున్నారు. ఫీబీ సంగతి మార్జరీ ఏళ్లుగా అంటోంది కదా, బుధవారం సాయంత్రం నాలుగింటికి వీడియోలో ఒకసారి చెబితే రికార్డు చేసుకుంటాం, గురువారం రాయి పనివాడికి ఇచ్చేస్తాం అని.

"పెద్దావిడకు గుర్తుండదు. ఏం చెయ్యాల్నో" అంది మమత.

"నువ్వేం చేస్తవ్? అసలు బుధారం నువ్వు పోనే పోకు. చైత్రకు దగ్గు లేసిందని చెప్పు" అన్నాడు భూమేష్. "అండ్ల నడుమ దూరి నీ అచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడినవనుకో, ఆయన నా మేనేజరు. నా ఇజ్జత్ ఏం గావాలె? ఇంటర్ ఫెయిల్‌వి, అమెరికోళ్లకు అమెరికా సంగతి చెప్తవా?"

ఫెయిల్ కాలేదు, కూర్చోనియ్యలేదు అనుకుంది. బిడ్డకు లేని దగ్గు ఉందని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. అది అపశకునపు మాట. బుధవారం స్కూలు బస్సు దిగిన చైత్రను అలాగే చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

తెర మీద వేన్ అనే పెద్దాయన కనిపించాడు, కమిటీ మనిషి. కూర్చున్నది వెల్డన్ కోర్టులోనే. అక్కడ పొద్దున ఎనిమిది. మార్జరీకి ఇస్త్రీ చేసిన నీలం కోటు వేసి, జుట్టు దువ్వి కూర్చోబెట్టింది మమత. చైత్ర కింద కూర్చుని రంగులు వేసుకుంటోంది.

"చెప్పమ్మా, ట్రంకు సంగతి" అన్నాడు టామ్ సార్.

"ఏడుగురు" అంది మార్జరీ. "తుపాకులు." అక్కడ ఆగిపోయింది. తన వేళ్ల వంక చూసుకుంది. "వాన పడింది" అంది. కాసేపటికి మళ్లీ, "వాన" అంది.

వేన్ మంచివాడు. "చాలు మార్జరీ, నిన్ను చూడటమే మాకు సంతోషం. ఫలకం మీద పాత మాటలే ఉంచేద్దాం" అన్నాడు. టామ్ సార్ చెయ్యి ఎర్ర బటన్ వైపు కదిలింది.

మమత ఆ చెయ్యి వంక చూసింది. తప్పు దొర్లితే? ఒక మాటకు ఇంకో మాట వస్తే, ఆ పెద్దాయన నవ్వితే, టామ్ సార్ రేపు ఆఫీసులో భూమేష్‌ను పిలిచి ఏమైనా అంటే, ఇంట్లో అతను వారం రోజులు ముఖం ముడుచుకుంటే, ఈ పనే పోతే? ఆమె భయాలు ఎప్పుడూ పిల్లలు పెడతాయి, ఒక్క భయం ఒంటరిగా రాదు. కానీ ఇప్పుడు ఈ భూమ్మీద ఫీబీ సంగతి మొత్తంగా తెలిసిన తల ఒక్కటే మిగిలింది. ఆ తల తనది. ఆ బటన్ నొక్కితే ఆ ఏడుగురు ఇంకో వందేళ్లు రాతి మీద ఉంటారు, పాత పంచాంగాలు మోసుకొచ్చినందుకు.

"సార్, ఒక్క నిమిషం" అంది. "కట్ చెయ్యొద్దు."

టామ్ సార్ చెయ్యి ఆగింది.

వచ్చిన ఇంగ్లీషులోనే చెప్పింది. ట్రంకులో రిజిస్టర్లు లేవని, వంటింట్లో ఉన్నాయని, రాసింది ఎవరో, మూడో రోజు వానలో తెచ్చింది ఎవరో. తప్పులు దొర్లాయి. తప్పు దొర్లిన చోట ఆగి, మళ్లీ చెప్పింది.

వేన్ నవ్వాడు, వెక్కిరింత లేకుండానే. "ఇది మార్జరీ చెప్పే కథేనమ్మా. మాకూ ఇష్టమే. కానీ రాయి మీద చెక్కాలంటే కాగితం మీద సాక్ష్యం కావాలి కదా."

"ఉంది సార్. మీ వెనకే ఉంది."

అతను వెనక్కి తిరిగి చూశాడు.

"ఇనుప తలుపు గది. ఎడమ వైపు కింది అర. అట్ట మీద సీ అక్షరం ఉన్న పుస్తకం, నలభై ఒకటో పేజీ. కుడి అంచున నిలువుగా రాసి ఉంటుంది. పేజీ చదివినవాళ్లకు కనపడదు. పుస్తకాన్ని అడ్డం తిప్పాలి."

అక్కడ పనిచేసే అమ్మాయి ఎవరో లోపలికి పోయింది. అల్ ఖోర్‌లో ఒక చిన్న గదిలో నలుగురు కూర్చుని కాన్సాస్ కోర్టులో చెప్పుల చప్పుడు విన్నారు. పెద్ద తోలు అట్ట పుస్తకం వచ్చింది. వేన్ పేజీలు తిప్పాడు. ఆగాడు. పుస్తకాన్ని మెల్లగా అడ్డం తిప్పాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఈ నాలుగు పుస్తకాలూ నా చేత్తో రాసినవి" అని చదివాడు. "నా బండిలో, నేనే తోలుకుంటూ..."

"వానలో తెచ్చాను. ఫీబీ రోలిన్స్" అని మిగతాది మార్జరీ పూర్తిచేసింది. ఎప్పటి గొంతో అది, క్లర్కు గొంతు. ఆ వెంటనే మళ్లీ వేళ్ల వంక చూసుకోసాగింది.

వేన్ పుస్తకం మీద చెయ్యి ఉంచి, తెరలోకి చూస్తూ మమతను అడిగాడు. "మీరెవరండీ? మార్జరీ మనవరాలా?"

"కాదు సార్. నా పేరు మమత. మాది సిరిసిల్ల. అది కూడా జిల్లా కేంద్రమే. ఓటుతో రాలేదు, దీక్షలతో వచ్చింది. టెంటులో మా అమ్మ కూర్చుంది, ఇంట్లో అమ్మ పని నేను చేశాను."

ఈ మాటలు ఇంగ్లీషులో ఇంత తేలిగ్గా వస్తాయని ఆమెకు తెలియదు. చైత్ర రంగు పెన్సిల్ పట్టుకున్న చెయ్యి అలాగే ఆపి తల్లి ముఖంలోకి చూస్తోంది. ఆ చూపు ఒక్కటి చాలు, వెయ్యి బీడీల చొప్పున పోయిన రోజులన్నీ తిరిగి వచ్చినట్టే. ఇంటికి పోయే దారిలో మమత నడక మారింది. బిడ్డ పరుగెత్తవలసి వచ్చింది.

మరునాడు గురువారం, శుక్ర శనివారాల సెలవుకు ముందు సాయంత్రం, భూమేష్ మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఇగో ఇంటున్నవా? టామ్ సార్ ఆఫీసుల అందరి ముందట చెప్పిండు. ఆ రాయి మీద ఆ ఫీబీ పేరు చెక్కుతున్నరట. నీ భార్య గింత హుషారని ఎన్నడూ చెప్పకపోతివేందయ్యా అన్నడు. నేనేమన్ననో ఎర్కేనా?"

"ఏమన్నవ్?"

"పెండ్లైనకాడికెల్లి నేనే నేర్పిన సార్ ఆమెకు, ఇంగ్లీషు గిట్ల అన్నీ, అని అన్న. చేయి కలిపిండు!"

మమత చాయ్ గిన్నె స్టవ్ మీది నుంచి దించింది. వడపోసింది. గ్లాసు అతని ముందు పెట్టింది.

"ఆదివారం డ్యూటీకి పోంగనే ఆయనకు చెప్పు. నేను నేర్పలే సార్, ఆమెనే నేర్చుకున్నది అని."

"పిచ్చి లేసిందా? ఇజ్జత్ పోదా? అన్న మాట ఎట్ల ఎన్కకు తీసుకుంటరే?" అంటూ, ఇది నవ్వులాట అయివుంటుందని ఆమె ముఖంలో వెతికాడు. దొరకలేదు.

"నువ్వు చెప్పకుంటె నేనే చెప్త" అంది మమత. "ఆదివారం ఏడున్నరకు ఆయన ఇంట్లనే ఉంట గద."