మద్దిచెక్కలో ఉడికిన తంగూసు

బొజ్జయ్య ఎడమచెయ్యి పనికిరాకుండా పోయినందుకు ఆయనకంటే ఎక్కువ ఇబ్బంది పడింది వంటింట్లోవాళ్లు.

2004లో వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో పొలంగట్టు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పారు గానీ పిడికిలి బిగియలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆయనది చేతిగాలం. రేకుడబ్బాకు చుట్టిన తంగూసును, అంటే నైలాను దారాన్ని, గోదాట్లోకి విసిరి, చేప పడితే చేతులు మార్చి మార్చి లాగాలి. ఒక చెయ్యి లాగితే రెండోది పట్టుకోవాలి. పట్టుకునే చెయ్యి లేక ఇంట్లో కూర్చున్నాడు. కూర్చుని ఊరుకోలేదు. చారులో ఉప్పు ఎక్కువన్నాడు. పొయ్యిలో కట్టెలు పచ్చివన్నాడు. బర్రె నెమరు వేసే తీరు కూడా మునుపటిలా లేదన్నాడు.

మనవరాలు వనజ బాధ వేరు. పదో తరగతి చదువుతున్నా ఆ పిల్ల నలుగురిలో నోరు విప్పదు. బడి లేని రోజుల్లో పర్ణశాల దిగువన రేవులో తాత పక్కన ఎరకు వాడే ఎర్రల డబ్బా పట్టుకుని కూర్చునేది. చేపలు బెదురుతాయని తాత అక్కడ ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. మాట్లాడకపోవడం మంచి గుణంగా చెల్లుబాటయ్యే చోటు ఆమెకు తెలిసి అదొక్కటే. ఇప్పుడు అదీ లేకుండా పోయింది.

మణుగూరు గనిలో పనిచేసే బాబాయి రాంబాబు ఒక ఆదివారం గాలం కర్ర, రెండు రీళ్లు పట్టుకొచ్చాడు. బదిలీ మీద పోతున్న ఆఫీసరు ఇచ్చిపోయాడట.

"లాగే పని లేదు నాయినా, తిప్పుడే. కర్ర చంకల పెట్టుకో, కుడిచేత్తో తిప్పు. ఒకటి నీకు, ఒకటి పినపాకల మా దోస్తు తిరుపతికి. మళ్లొచ్చే ఆదివారం మిగిలింది తీస్కపోత."

ఒకటి గుండ్రటి రీలు. పిడి తిప్పితే బావి గిలకలాగా దాని గిలకే తిరిగి దారాన్ని చుట్టుకుంటుంది. రెండోది మూతలేనిది. దాని గిలక తిరగదు. గాలం విసిరితే దారం గిలక అంచు మీంచి చుట్టలుగా దూకిపోతుంది. పిడి తిప్పితే ఒక తీగ గిరగిరా తిరిగి దాన్ని మళ్లీ చుట్టేస్తుంది. తీగ తిరగడం చూడ్డానికి బాగుందని బొజ్జయ్య రెండోదాన్ని ఎంచుకున్నాడు.

తంగూసు మాత్రం ఆఫీసరు ఇవ్వలేదు.

"భద్రాచలంల సన్నది దొరుకుతది, తెస్త" అన్నాడు రాంబాబు.

"సన్నదానికి జెల్లపిల్ల తప్ప ఏమొస్తదిరా? నా తంగూసుకు లేగదూడను కట్టేసినా తెగది."

అది నిజమే. అయితే కొత్త పనికి దాన్ని అట్లాగే వాడడం ఆయనకు నచ్చలేదు. ఆయన తండ్రి నూలు వలలను నల్లమద్ది చెక్క, అంటే ఆ చెట్టు బెరడు, వేసి ఉడికించేవాడు. నూలు కుళ్లకుండా గట్టిపడేది. బొజ్జయ్య అదే పద్ధతిలో నైలాను తంగూసును డబ్బాతో సహా మద్దిచెక్క నీళ్లలో వేసి సాయంత్రం దాకా ఉడికించాడు. నైలాను కుళ్లదు కదా అని ఎవరూ అనలేదు. ఆ పూట ఆయన కూర జోలికి రాకపోవడమే వాళ్లకు చాలు.

చల్లారాక తంగూసు డబ్బాను వదిలింది గానీ మరచిపోలేదు. ఎంత లాగినా డబ్బా అంత చుట్టలుగా ముడుచుకుంటోంది. రంగు మటుకు బాగా ఎక్కింది. దాన్నే మూతలేని రీలుకు అంచు దాటి పొంగేదాకా చుట్టి, తాతా మనవరాలూ రేవుకు పోయారు.

పడవ నడిపే సమ్మయ్య చూస్తుండగా బొజ్జయ్య విసిరాడు. గాలం ఒడ్డు దాటలేదు. తంగూసంతా ఒక్కసారిగా గిలక మీంచి దూకి ఆయన మెడకూ చెవులకూ చుట్టుకుంది.

"ఏందే బొజ్జన్నా, చేపకేసినవా, నీకే ఏస్కున్నవా?"

"గాలి మళ్లింది" అన్నాడు బొజ్జయ్య. ఆకు కూడా కదలడం లేదు.

తాతను చిక్కుల్లోంచి తీసేసరికి వనజకు పొద్దు గూకింది.

ఇంటికి రాగానే ఆయన తీర్పు చెప్పాడు. "రీళ్లు మనకు అచ్చిరావు. రెండూ ఆ తిరుపతికే ఇచ్చెయ్యమను." తర్వాత పప్పు వైపు తిరిగాడు.

నాయనమ్మ ముత్తక్క ఆ తంగూసును వేపచెట్టుకూ పాక గుంజకూ మధ్య దండెంగా కట్టింది. "నా కట్టెలన్నీ తగలేసి ఉడకబెట్టిండు. నా బట్టలకైన అక్కరకు రానీ" అని తడి బొంతలన్నీ దానిమీదే వేసింది.

వారం తిరిగేలోపు ఒక సాయంత్రం బొంతలు తీస్తుంటే దండెం ముడి ఊడి వనజ చేతిలోకి వచ్చింది. తంగూసు ముడుచుకోలేదు. బొంతల బరువుకు సాగి తిన్నగా వేలాడింది. ఆమె దండెం మళ్లీ కట్టి, లోపలికి పోయి రెండు రీళ్లూ ముందు పెట్టుకుని కూర్చుంది. దారం దూకాల్సిన రీలుకు సన్నగా, మెత్తగా ఉన్నదే కావాలి, అదీ అంచుకు కాస్త కిందికే చుట్టాలి. మందంగా, మొండిగా ఉన్నది దూకితే మనిషి మీదే పడుతుంది. గుండ్రటి దాంట్లో దూకుడు లేదు, గిలకే తిరుగుతుంది. మందమున్నా అది మోస్తుంది.

తెలుసుకోవడం తేలికే. చెప్పడమే కష్టం. ముందు బర్రెకు చెప్పి చూసింది. బర్రె కాదనలేదు.

ఆదివారం రాంబాబు వచ్చి రెండు రీళ్లూ సంచిలో వేసుకుని గడప దాటాడు.

"గుండ్రంది ఉంచు బాబాయ్" అంది వనజ.

అందరూ ముందు బాబాయి వైపు చూశారు, ఆ మాట ఆయనే అన్నట్టు.

"ఏందే?" అన్నాడు బొజ్జయ్య.

"నీ తంగూసు గుండ్రంది మోస్తది తాతా. దూకే రీలుకు గంత మందంది ఎక్కించుడు తప్పు. దానికి సన్నదే గావాలె."

బొజ్జయ్య దండెం వైపు చూశాడు. "ఉడకబెట్టుడో?"

వనజ నేల చూసింది. "అది గూడ తప్పే. నాయనమ్మ బొంతలు సాపు చేసినయి."

ముత్తక్క లేచి వెళ్లి దండెం విప్పుకొచ్చింది. "పట్కపోండ్రి. బొంతలు కంచె మీద ఎండుతయి. ఈయన ఇంట్ల లేకుంటే చాలు."

ఆ మధ్యాహ్నం బొజ్జయ్య గాలం విసరలేదు. గుండ్రటి గిలక మీద బొటనవేలు ఆనించి ఎరను నీటివాలుకు వదిలాడు. తంగూసు తిన్నగా సాగిపోయింది. పొద్దు వాలుతుండగా కర్ర వంగింది. దాన్ని చంకలో బిగించి, కుడిచేత్తో తిప్పి, మోచెయ్యంత వాలుగ చేపను ఒడ్డుకు తెచ్చాడు.

సమ్మయ్య పడవలోంచి కేక వేశాడు. "అన్నా, ఎవలు చెప్పిండ్రే ఈ ఉపాయం? పిల్లా, నువ్వేనా?"

"ఊకోరా, చేపలు బెదురుతయి" అన్నాడు బొజ్జయ్య.

వనజ ఎర్రల డబ్బా మూత తీసి ఆయన ముందుకు జరిపింది.

ఆ పూట పులుసులో ఉప్పు నిజంగానే ఎక్కువైంది. బొజ్జయ్య ఏమీ అనకుండా రెండోసారి వడ్డించుకున్నాడు.