ఉపమంత్రిగారి తోడికోడలు

"కేంద్రంలో ఉపమంత్రిగా చేసినదానివి. ఇట్ల కింద కూర్చోని అనపగింజలు పితుకుతా ఉంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు?" అన్నాడు వెంకటేశప్ప, వంటింటి గడప అవతలే నిలబడి.

భర్త మాటకు హేమలత తల ఎత్తలేదు. రాత్రి నానబెట్టిన గింజలు తపేలా నిండా ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ రెండు వేళ్ల మధ్య నొక్కి తోలు ఒలవాలి. వేళ్లు పీకేదాకా ఒలిచినా ఇంటిల్లిపాదికీ ఒక పూట కూరకు సరిపోదు. ఎదురుగా తోడికోడలు రత్నమ్మ రెండు చేతులతోనూ పితుకుతోంది. కాటన్‌పేటలోని ఈ ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా ఆవిడ పితుకుతూనే ఉంది. ఆవిణ్ణి చూసి ఎవరేమనుకుంటారోనని ఈయనగారికి ఒక్కనాడూ బెంగ పట్టలేదు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ముందుగదిలో పార్టీవాళ్లున్నారని మింగేసింది.

"పదండి, వస్తా" అంది.

అది 2001. నగరపాలిక ఎన్నికలు దగ్గర పడ్డాయి. వీళ్ల వార్డు ఆడవాళ్లకు కేటాయించారు. ఢిల్లీలో వెలిగిన మనిషి వార్డుకు నిలబడితే చిన్నతనమని హేమలతను మగవాళ్లే పక్కన పెట్టేశారు. రత్నమ్మ కొత్త కోడలు దివ్య పేరు అనుకుంటున్నారు. "సంతకం పెడితే చాలప్పా, మిగతాది మనం చూసుకుంటాం" అని పార్టీ వార్డు అధ్యక్షుడు వీరభద్రం అనడం వంటింట్లోకి వినిపించింది.

ఆ మాట హేమలతకు కొత్త కాదు. పదేళ్ల కిందట లోక్‌సభ టికెట్టు కోసం వెంకటేశప్ప చెప్పులరిగేలా తిరిగితే, ఆడమనిషి పేరైతే ఇస్తామన్నారు. "నువ్వు నిలబడు, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడాయన. చూసుకున్నాడు కూడా. గోడలకు తనే దగ్గరుండి పోస్టర్లు అంటించాడు, గొంతు పోయేలా తిరిగాడు. ఆ కష్టాన్ని ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. గెలిచాక మాత్రం ఆమె నోరు తెరిచేలోపే "మేడమ్ అభిప్రాయం కూడా ఇదే" అనేవాడు. ఢిల్లీలో అధికారులు ఆమెకు నమస్కారం పెడుతూ ఆమె భుజం మీదుగా వెనక్కి చూసేవాళ్లు, సార్ ఎక్కడున్నారా అని. రెండేళ్లకు కార్మికశాఖలో ఉపమంత్రి పదవి వచ్చినప్పుడు, మొదటి సమావేశంలో టీ రాగానే, "మేడమ్ చేత్తో పోస్తే ఆ రుచే వేరు" అని ఒక పెద్దాయన కప్పు చాపాడు. ఆమె నవ్వి, ఫైలు తెరిచింది. అలా నవ్వి ఫైలు తెరవడానికి ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందంటే, ఇంటి దిగులు లేకపోవడం నుంచి. పిల్లవాడికి అమ్మవారు పోసినా, మామగారు మంచాన పడినా, "నువ్వు ఉండే పని చూసుకో హేమా, ఇక్కడ నేనుండాను" అని ఫోన్లో రత్నమ్మ గొంతు వినిపించేది. ఆ ఒక్క మాట మీద ఆమె ఐదేళ్లు ఢిల్లీలో నిశ్చింతగా నిద్రపోయింది.

అంతేనా? వెంకటేశప్ప ఊళ్లో ఉన్నప్పుడు పని చేయించుకోవడానికి మగవాళ్లు ముందుగదికి, ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. ఆడవాళ్లు పెరటి తలుపు తట్టేవాళ్లు. రత్నమ్మ వాళ్లను కూర్చోబెట్టి, రవ్వతో ఇంత ఉప్పిట్టు చేసి పెట్టి, కష్టం వినేది. ఒక ఆదివారం ఫోన్లో, "ఊదుబత్తీలు చుట్టే ఆడవాళ్ల చేతులు ఎప్పుడన్నా చూసినావా హేమా? ఆ నల్లముద్ద రుద్ది రుద్ది గీతలే అరిగిపోయుండాయి. యాడన్నా వేలిముద్ర వెయ్యమంటే ఏం వేస్తారే వాళ్లు?" అంది. పెద్దమంత్రి ఊళ్లో లేని ఒక రోజు, సభలో లేచి జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు, హేమలత అధికారులు రాసిచ్చిన కాగితం పక్కన పెట్టి ఆ ముక్కే చెప్పింది. మర్నాడు పేపర్లలో ఆమె ఫోటో.

దానికే చిక్కపేట వర్తకులు సన్మానం చేశారు. శాలువా కప్పి, మెడలో గంధపు దండ వేశారు. ఎవరికి కృతజ్ఞతలు చెప్పాలో వెంకటేశప్ప కారులోనే చెప్పి పెట్టాడు. "ఇంట్లో ఆడవాళ్ల పేర్లు మైకులో చెప్పేది యాల?" అని కూడా అన్నాడు. ఆమె మాత్రం, "ఆ మాటలు నావి కావు, మా రత్నమ్మక్కవి" అని గట్టిగానే చెప్పింది. హాలంతా చప్పట్లు. వినాల్సిన మనిషి అక్కడ లేదు. సన్మానం తర్వాత ఇంటికి భోజనానికొచ్చే నూరుమందికి పూర్ణం పెట్టి ఓళిగలు కాలుస్తోంది.

ఇంటికి రాగానే హేమలత పరుగున వంటింట్లోకి వెళ్లి, దండ తీసి ఆవిడ మెడలో వేసింది. "అక్కా, ఈ పొద్దు మైకులో నీ పేరు చెప్పినా!"

"అట్లనా? తియ్యి తియ్యి, పిండి అంటుకుంటాది. బయట ఎంతమంది ఉండారో చూసి చెప్పు, పూర్ణం చాలదేమో" అంది రత్నమ్మ.

హేమలత కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత కృతజ్ఞత చెప్పినా ఆవిడ పనిలో ఒక్క ఓళిగ తగ్గలేదు. 1996లో ఓడిపోయి పెట్టెతో ఇల్లు చేరిన రోజు ఈ ఇంట్లో ఎవరూ ఆమె మొహంలోకి చూడలేదు. రత్నమ్మ మాత్రం, "వచ్చినావా? చిక్కిపోయినావు, దా, తిను" అని పీట వేసింది. ఆ రోజు నుంచీ ఈ మనిషికి ఏం ఇవ్వాలా అన్నదే హేమలత ఆలోచన. పట్టుచీర ఇస్తే పెట్టెలో దాచి, కోడలికి పెట్టేసింది.

హేమలత చేతులు కడుక్కుని ముందుగదిలోకి వెళ్లింది.

"దివ్యకు ఇష్టం లేదు, పొద్దున నాతో చెప్పింది. మా అక్కను నిలబెడదాం" అంది.

"ఏ అక్కమ్మా?" అన్నాడు వీరభద్రం. పదేళ్లుగా ఆవిడ చేతి ఉప్పిట్టు తింటున్న మనిషి.

"రత్నమ్మక్క. ఈ వార్డులో ప్రతి ఇంటి ఆడమనిషీ ఆమెకు తెలుసు."

వెంకటేశప్ప నవ్వాడు. "వదినకు ఇవన్నీ ఏం తెలుస్తాయి? పాపం, ఆమెను ఎందుకు తిప్పలు పెట్టేది?"

"నాకు మాత్రం అప్పుడు ఏం తెలుసు?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "సరే, నిలబడతాది, గెలుస్తాదనుకో. ఇంట్లో వంట ఎవరు చేసేది?"

అదీ అసలు సంగతి. ఆమె పార్లమెంటుకు వెళ్తున్నప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరమే రాలేదు.

"నేను" అంది హేమలత. "ఐదేండ్లు. ఆమె నాకు ఇచ్చినట్టే."

వంటింటి గడప దగ్గర రత్నమ్మ తడిచేతులతో నిలబడి ఉంది. 'నాకెందుకులే హేమా' అంటుందని మగవాళ్లు ధీమాగా చూస్తున్నారు. అంటుందేమోనని హేమలత కూడా అటే చూసింది.

రత్నమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, గడప దాటి, నేరుగా వీరభద్రం ముందుకొచ్చింది.

"నామినేషను ఎప్పుడప్పా వేసేది? ఆలోపల ఈమెకు కొంచెం వంట నేర్పియ్యల్ల."