కత్తెర పడిన జడ

జహీరాబాదులోని ఆ ఇంటి పెరట్లో కాగు నిండా నీళ్లు పొగలు కక్కుతున్నాయి. నాగవ్వ కుంకుడు రసం నురగ కొడుతూ తోడికోడలిని కేకేసింది. "సుమిత్రా, వచ్చి కూసో. నా కొడుకు కోసం దేవునికిచ్చే జడ, నేనే రుద్దుత!"

సుమిత్ర వంటింటి గుమ్మం దాటలేదు.

1962లో నాగవ్వ కొడుకు మాణిక్ ఆరు నెలల పసివాడు. జ్వరం ముదిరి దవాఖానలో దక్కేలా లేడు. తల్లి మంచం పక్కనే కూలబడి ఏడుస్తోంది. సుమిత్రే ఝరాసంగం సంగమేశ్వరుడికి మొక్కింది, పిల్లాడు బతికి తన కాళ్లతో గుడి గడప దాటితే మోకాళ్ల దాకా ఉన్న తన జడ ఇచ్చుకుంటానని. పిల్లాడు బతికాడు. అంతలో సుమిత్ర భర్త జగన్‌మోహన్‌ను ఫ్యాక్టరీవాళ్లు ఏడాది శిక్షణకు చెకొస్లొవేకియా పంపారు. ఆమె కూడా వెళ్లింది.

అదేం చలో, అదేం దేశమో! తీసుకెళ్లిన కుంకుళ్లు, కొబ్బరినూనె రెండు నెలల్లో అయిపోయాయి. మందుల దుకాణానికి వెళ్లి, నెత్తి మీద అరచేత్తో రుద్ది చూపించి నూనె అడిగితే, ఆ దుకాణంలో ఆవిడ తలనొప్పి మాత్రలిచ్చింది. ఇంకోచోట పచ్చటి షాంపూ ఏదో దొరికింది. పూల వాసన, బోలెడు నురగ, జుట్టు మాత్రం చీపురుకట్ట! చిక్కు తీస్తే కుచ్చులు కుచ్చులుగా చేతికొచ్చేది. తలంటుకుంటే మర్నాటికీ ఆరదు. జలుబు, మెడనొప్పి. ఒకనాడు విసుగెత్తి, ఏడ్చి, అక్కడి మంగలి దుకాణంలో కూర్చుని మెడ దాకా కోయించేసుకుంది. మొక్కు గుర్తులేక కాదు, గుర్తుండే కోయించుకుంది. పైగా బయటికొచ్చాక తల తేలికై ఎంత హాయిగా అనిపించిందో! ఆ హాయే ఇప్పుడు ఆమెను కొరుక్కు తింటోంది. కోసిన జడనైనా అడిగి తెచ్చుకోలేదు మహాతల్లి.

తిరిగొచ్చేటప్పుడు హైదరాబాదులో సవరం కొని ముడి వేసుకుంది. ఇవ్వాళ చెప్తా, రేపు చెప్తా అనుకుంటూ ఇంతదాకా తెచ్చుకుంది. ఈలోగా మాణిక్‌గాడు ఆమెకు బాగా మాలిమి అయ్యాడు.

"నీళ్లు సల్లారుతున్నయే! నా ముంగట సిగ్గేంది?"

సుమిత్ర వచ్చి ముడి విప్పింది. సవరం ఊడి చేతిలో వేలాడింది. "అక్కా... జడ లేదక్కా. ఆడ్నే కోయిపిచ్చుకున్న."

నాగవ్వ నురగ చేతులతోనే ఆ పొట్టి జుట్టు పట్టి చూసింది. "నా పిల్లగాని పానానికి మొక్కిన జడ గాదె అది! ఆడ తల కడుగుటందుకు ఏం దొర్కకుంటే ఒక్క మాట రాయరాదా? బస్తెడు కుంకుళ్లు పంపకపోదునా?"

"ఉన్నదే గీకించుకుంట అక్కా."

"కత్తెర ఎంగిలైనది దేవునికెట్లిస్తమే?"

తిట్టింది, ఏడ్చింది, కొంగుతో ముక్కు తుడుచుకుంది. లోపల అత్త అనంతమ్మ దగ్గు వినిపించేసరికి, సవరం లాక్కుని సుమిత్రకు తానే ముడి వేసింది. "అత్తకు చెప్పకు, పానం తీస్తది. నా కొడుకు మొక్కు నేనే తీర్చుకుంటనని అంట." తన కొప్పు విప్పుకుని పీట మీద కూర్చుంది. "పొయ్యవే నీళ్లు."

వద్దక్కా అనాలనుకుంది సుమిత్ర. ఆ నోరు తనకెక్కడిది? పోసింది. కుంకుడు రసంతో అక్క తల రుద్దుతూ ఆపకుండా ఏడ్చింది.

ఝరాసంగంలో మాణిక్ బుడిబుడి అడుగులతో గుడి గడప దాటాడు. కాసేపటికి నాగవ్వ నున్నటి గుండుకు గంధం పూసుకుని, నవ్వుతూ చేతులు చాచి వచ్చింది. "రా బిడ్డా!"

మాణిక్ కెవ్వుమని సుమిత్ర మెడను చుట్టుకున్నాడు.

"నేనేరా, మీ అమ్మను!"

"సిన్నమ్మా, పోదాం... పోదాం!"

నాగవ్వ నవ్వు పోయింది. చాచిన చేతులు మాత్రం దించలేదు. సుమిత్ర తన మెడ చుట్టూ ఉన్న ఆ చిట్టి వేళ్లను ఒక్కొక్కటే విడదీస్తోంది. విడదీసిన వేలు మళ్లీ వచ్చి బిగుసుకుంటోంది.