ఇరవై ఆరు అంగుళాల కడుపుమంట

పొద్దున్నే షట్టరు పైకి తోయగానే చక్రాలక్క చేసే మొదటి పని, ముందురోజు బిగించిన చక్రాన్ని స్టాండుకి తగిలించి ఒక్కసారి తిప్పి వదలడం. చక్రం వంకర లేకుండా తిరిగితే పక్కన పెట్టేసేది. వంకర పోతే ఒక్కో స్పోకునీ వేలితో మీటి, మోత విని, బిగించాల్సినదాన్ని బిగించి, వదులు చేయాల్సినదాన్ని వదులు చేసేది. సైకిళ్ళ కొట్టు ఆమె మొగుడిది. బోర్డు మీద పేరు ఆయనది. చక్రాలు మాత్రం ఆమెవి.

కొట్టు వెనకే ఇల్లు. ఆ ఇంట్లో గీజరు లేదు, ఎప్పుడూ అవసరం రాలేదు. చక్రాలక్కకి కడుపుమంట ఉంది.

అందరికీ ఉండేదే. కాకపోతే ఆమెది నిజంగా వేడిగా ఉంటుంది. ఇంకొకరి బాగు చూసినా విన్నా పొట్ట దగ్గర మొదలై ఒళ్ళంతా కాగిపోతుంది. చిన్నప్పుడు ఒకసారి డాక్టరుకి చూపిస్తే, నాలుక కింద థర్మామీటరు పెట్టి, "జ్వరం కాదు, కుళ్ళు. మందు లేదు," అని పంపించేశాడు.

అత్తగారు రోజూ బకెట్టు నిండా నీళ్ళు తెచ్చి కోడలి కాళ్ళ దగ్గర పెట్టి, తను కుర్చీ లాక్కుని కూర్చునేది.

"ఎదురింటావిడ కొత్త సోఫా కొందట అమ్మాయ్."

"కొననివ్వండి అత్తయ్యా."

"కూతురికి ప్రమోషన్ కూడా వచ్చిందట."

నీళ్ళు గోరువెచ్చనయ్యేవి.

"అల్లుడే వంట చేస్తాడట. రెండు పూటలా."

బకెట్టులోంచి పొగలు లేచేవి. అత్తగారు తువ్వాలు భుజాన వేసుకుని తృప్తిగా స్నానానికి వెళ్ళిపోయేది. మొగుడైతే పంచరు వేసిన ట్యూబుని ఆమె భుజాన వేలాడదీసి, జిగురు ఆరేదాకా ఎవరి గొప్పలో చెబుతూ నిలబడేవాడు. ఒక మనిషిలో మండేదాన్ని ఇంటిల్లిపాదీ వాడుకుంటూ, "కాస్త ఓర్వడం నేర్చుకో" అని ఆ మనిషికే నీతులు చెప్పడం ఆ ఇంటి పద్ధతి. చాలా ఇళ్ళ పద్ధతే అనుకోండి.

ఆ మధ్య బయటివాళ్ళ కబుర్ల అవసరం కూడా లేకుండా పోయింది. కారణం చెల్లెలు. చదువు కోసమని అక్క ఇంట్లో ఉంటున్న చెల్లెలు ట్రయల్స్ సైకిలు తొక్కుతుంది. సీటు ఉండని బండి అది. దాని మీద నిలబడి, గెంతుకుంటూ దుంగలూ రాళ్ళూ ఎక్కి దిగాలి. కాలు కింద పెడితే తప్పు. తప్పులు తక్కువున్నవాళ్ళది గెలుపు. నేర్పేది బావ. రోజూ సాయంత్రం పెరట్లో సరుకు పెట్టుకునే చెక్క ప్యాలెట్లు పేర్చి, "శభాష్, ఇంకొంచెం," అని ఆయన అరుస్తుంటే, కొట్టులో అక్క చేతిలోని స్పోకు ఎర్రబడేది.

వీధికి అర్థమైంది ఒక్కటే. మొగుడు మరదలి వెంట తిరుగుతున్నాడు, పెళ్ళాం మండిపోతోంది. పక్క కొట్టు కుట్టుపనావిడ ఓరోజు మెల్లగా కదిపింది కూడా.

"ఎందుకైనా మంచిది, ఆయన్ని ఓ కంట కనిపెట్టు వదినా."

"మొగుడి మీద మండేంత తీరిక నాకెక్కడిది వదినా," అంది అక్క. "కావాలంటే నువ్వు కనిపెట్టు. కాస్త టీ కూడా పెట్టివ్వు, ఊరికే అడుగుతుంటాడు."

ఆడది కుళ్ళుకుంటే అది మగవాడి గురించే అయుండాలని నమ్మే లోకానికి ఇంతకంటే ఏం చెప్పినా ఎక్కదు.

అక్క కూడా ఒకప్పుడు తొక్కింది. ఆమె పొడగరి. ఊళ్ళో సైకిళ్ళ క్లబ్బులో ఆడపిల్లలకి ఇచ్చేది ఇరవై అంగుళాల చిన్న చక్రాల బండే. దాని మీద ఆమె మోకాళ్ళు హ్యాండిలుకి కొట్టుకుని ఎప్పుడూ కమిలి ఉండేవి. నీకు ఒళ్ళు వంగదన్నారు. బండి సరిపోలేదని ఎవరికీ తోచలేదు, ఆమెకీ తోచలేదు. పెళ్ళయ్యాక తొక్కొద్దని ఎవరూ అనలేదు. ఓ గిరాకీకి అర్జంటుగా బ్రేకు కావాల్సి వస్తే ఆమె బండిది ఊడదీశారు. ఇంకొకరికి వెనక చక్రం. ఇంకొకరికి చెయిను. ఎప్పటికప్పుడు "మళ్ళీ వేద్దాంలే" అనుకున్నారు. ఆడదాని సరదా ఒక్కసారిగా పోదు, ఇలా స్పేరు పార్టులుగా పోతుంది.

ఈసారి క్లబ్బు చెల్లెలికి కొత్త బండి కొనిస్తానంది. చూసుకోమని డీలరు రెండు బళ్ళు పంపాడు. ఒకటి చిన్న చక్రాలది, ఇంకొకటి ఇరవై ఆరు అంగుళాల పెద్ద చక్రాలది. మగవాళ్ళకి చిన్న చక్రాల పోటీ వేరు, పెద్ద చక్రాల పోటీ వేరు. ఆడవాళ్ళకి అందరికీ కలిపి ఒకటే పోటీ, ఏ బండైనా తెచ్చుకోవచ్చు. దాన్ని స్వేచ్ఛ అని క్లబ్బువాళ్ళు చెప్పుకునేవాళ్ళు.

క్లబ్బు సెక్రటరీ పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, "ఆడపిల్లకి చిన్నదే ముద్దమ్మా," అన్నాడు.

"ముద్దు కోసం కాదు కదండీ, రాయి ఎక్కడానికి," అంది చెల్లెలు. ఆ పిల్లది అక్క నోరే.

రెండూ తొక్కి చూసింది. "చిన్నది మాట వింటుంది బావా. అనుకునేలోపు ముందు చక్రం లేస్తోంది. పెద్దదాన్ని లేపాలంటే బతిమాలాలి."

"కానీ పెద్దది రాయి మీదికి దొర్లుకుంటూ పోతుంది. చిన్నది ప్రతి రాయికీ ఆగి దణ్ణం పెడుతుంది," అన్నాడు బావ. "ఇప్పుడు పైస్థాయి పోటీల్లో రాళ్ళన్నీ పెద్దవే."

ఎటూ తేలలేదు. అప్పుడు బావకి ఆ ఆలోచన వచ్చింది. తడి తువ్వాలు తెచ్చి పెళ్ళాం భుజాల చుట్టూ కప్పాడు.

"నువ్విక్కడ నిలబడి చూడు. నీకెప్పుడు ఎక్కువ మండితే అప్పుడు అది బాగా తొక్కుతున్నట్టు."

"మహా తెలివి," అంది అక్క. కానీ నిలబడింది.

చెల్లెలు చిన్న బండి మీద ప్యాలెట్లన్నీ ఎక్కి దిగేసరికి తువ్వాలు పెళపెళలాడేలా ఆరింది. మళ్ళీ తడిపి కప్పారు. ఈసారి పెద్ద బండి. చెల్లెలు ఇంకా మొదటి ప్యాలెట్టు దగ్గరే తడబడుతోంది, తువ్వాలు అంచు గోధుమరంగుకి తిరిగి కమురు వాసన కొట్టింది. సెక్రటరీ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఇంకేం, పెద్దదే," అన్నాడు బావ.

అసలు సంగతి అక్కకే తెలుసు. ఆమె చూసింది చెల్లెల్ని కాదు. ఆ హ్యాండిలు ఎత్తునీ, దానికీ పెడళ్ళకీ మధ్య ఉన్న జాగానీ చూసింది. అక్కడ తన మోకాళ్ళు హాయిగా పడతాయి. జీవితంలో మొదటిసారి తన కొలతకి సరిపోయే బండి కనిపించింది, దాని మీద వేరే ఎవరో ఉన్నారు. ఆ మాట పైకి అంటే నవ్వుతారని ఊరుకుంది. క్లబ్బు పెద్ద బండే కొంది.

ఆ తర్వాత చెల్లెలికి నరకం. పొట్టి మనిషి, బండి లేవదు, ప్రతి దుంగ దగ్గరా కాలు కింద. అరిచి అరిచి బావ గొంతు బొంగురుపోయింది. క్లబ్బుల పోటీ దగ్గర పడుతుంటే ఓ మధ్యాహ్నం ఆ పిల్ల బండిని కొట్టు మధ్యలో పడేసి అక్క ముందు నిలబడింది.

"కావాలనే మండావు కదూ? నేను ఓడిపోవాలని."

"కావాలని ఎవరైనా మండుతారటే?"

"మరి తువ్వాలెందుకు కాలింది?"

అక్క చేతిలో చక్రం ఆగింది. "బండిని చూసి కాలింది. నిన్ను చూసి కాదు. నువ్వు చిన్నదాని మీదే బాగా తొక్కుతావు. ఆ రోజే తెలుసు నాకు."

"తెలిసీ చెప్పలేదా?"

"చెప్తే ఆ బండి వాపసు పోయేది."

చెల్లెలు తిట్టాలనే అనుకుంది. కానీ అక్క చూపు తన మీద లేదు, నేల మీద పడున్న బండి మీద ఉంది. ఆకలిగా ఉంది ఆ చూపు.

"సిగ్గులేకపోతే సరి," అంది చివరికి. "లేపు దాన్ని. నా పాత చిన్న బండి నేను తొక్కుకుంటా. నువ్వది తొక్కు."

మొగుడు విని తల గోక్కున్నాడు. "ఈ వయసులో నీకెందుకు? పడితే?"

"పడితే లేస్తాను. నీ కొట్టు చక్రాలు ఎక్కడికీ పోవు."

"నేను రమ్మంటే ఏనాడూ రాలేదు కదా."

"ఏనాడు రమ్మన్నావు?"

ఆయన గుర్తుచేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు. పాపం, ఏమీ దొరకలేదు. అత్తగారు మాత్రం, "దానికి కావాల్సింది దొరికిపోతే ఇంక మండేదెలా? నా స్నానం సంగతేంటి?" అని సణిగింది. క్లబ్బు తరఫున ఇద్దరు ఆడవాళ్ళు పోటీ చెయ్యొచ్చని రూల్లో ఎప్పటినుంచో ఉంది. రెండో ఆమె కోసం ఎవరూ వెతకలేదంతే. సెక్రటరీ గొణుక్కుంటూనే పేరు రాశాడు.

పోటీ పాత రాతి క్వారీలో. గెలిచిన ఒక్కరే పైస్థాయికి వెళ్తారు. తెల్లారినప్పటినుంచీ సన్నగా వాన. రాళ్ళు సబ్బు రాసినట్టు జారుతున్నాయి. చక్రం రిమ్ము తడిసి బ్రేకు పట్టడం లేదు. పెద్ద పెద్ద క్లబ్బుల అమ్మాయిలు కూడా అడుగడుక్కీ కాళ్ళు పెట్టేస్తున్నారు. కాళ్ళు పెట్టనివాళ్ళకి రెఫరీ పిడికిలి మూసి చూపించాలి. పొద్దున్నుంచీ ఆయన పిడికిలి మూసింది లేదు.

చెల్లెలు బయల్దేరింది. చిన్న బండి రాయి నుంచి రాయికి పిచ్చుకలా గెంతింది. చిట్టచివరి గట్టు మీద మాత్రం చక్రం జారి ఒక్క కాలు పడింది. ఒకే ఒక్క తప్పు. క్వారీ అంతా చప్పట్లు. కోచ్ బావ ఎగిరి గంతేశాడు.

కింద వరసలో నిలబడ్డ అక్క అది చూసింది. కడుపులో రాజుకుంది. ఎప్పటిలాగే చల్లార్చుకోబోయి, ఆగిపోయింది. ఎవరి కోసం చల్లారాలి? మండనిచ్చింది. ఒళ్ళంతా పాకింది, అరచేతుల్లోంచి హ్యాండిల్లోకి, హ్యాండిల్లోంచి చక్రాల్లోకి దిగింది. రిమ్ము మీది నీళ్ళు చిటపటలాడి ఎగిరిపోయాయి. బయల్దేరింది. ముందు చక్రం ఆనిన చోటల్లా రాయి ఆవిరి కక్కి తెల్లగా ఆరింది. బ్రేకు నొక్కితే క్వారీ గోడలు మోగేలా కీచుమని పట్టింది. మోకాళ్ళు ఎక్కడా తగల్లేదు. చివరి గట్టు దగ్గర చెల్లెలి కాలి గుర్తు తడి మట్టిలో ఇంకా ఉంది. దాని పక్కనుంచే పైకి గెంతి, నిలబడి, కిందికి చూసింది.

పక్క క్లబ్బు కోచ్ రెఫరీ మీదికి వెళ్ళాడు. "రాళ్ళు ఆరబెట్టుకుంటూ పోయింది సార్. ఇది ఒప్పుకుంటారా?"

రెఫరీ కళ్ళద్దాలు తుడుచుకుని రూల్సు పుస్తకం ఓపిగ్గా తిరగేశాడు. "కాలు పెట్టకూడదని ఉంది. కాలకూడదని ఎక్కడా లేదు," అని చెప్పి, చెయ్యెత్తి పిడికిలి మూశాడు.

చెల్లెలు తన బండిని తోసుకుంటూ గట్టు వెనక దారిన పైకొచ్చింది. "బాగా తొక్కావక్కా," అంది. అనడానికి పళ్ళు బిగించాల్సొచ్చింది. ఒక చెయ్యి పొట్ట మీద గట్టిగా అదిమిపట్టుకుని ఉంది.

"ఏమైందే?"

"తెలీదు. ఇక్కడ కాలుతోంది."

అక్క గ్లవ్ తీసి ఆ పిల్ల పొట్ట మీద అరచెయ్యి ఆనించి చూసింది. తర్వాత కింద గొడుగు పట్టుకుని చేతులూపుతున్న మొగుడి వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఇంట్లో ఎవరికీ చెప్పకు."