లీదియా చెప్పిన మిగతా మాట

పోలీసులు క్రిస్టోఫర్‌ను మెట్ల మీంచి ఈడ్చుకుపోతుంటే బోరబండలోని మా గల్లీ అంతా తలుపుల వెనక నిలబడి చూసింది. మాదాపూర్‌లో ఒక ఐటీ టవర్‌లో నేలలు తుడిచే కుర్రాడు. పనిలోంచి తీసేసినవాళ్ల కోసం సంఘం పెట్టాడు. సాయంత్రానికి టీవీ, అతని బ్యాగులో బాంబు సామాను దొరికిందని చెప్పి, అతన్ని ఉగ్రవాది అంది.

తల్లి లీదియా ముందు మైకు పెట్టి, "టవర్ కూల్చాలన్నాడా?" అని అడిగారు. "అన్నడు" అన్న ఒక్క మాటే తిప్పి తిప్పి చూపించారు. ఆమె పక్కనే నేనున్నాను. ఆమె చెప్పింది ఇది: "అన్నడు. స్వామి నెల దినాలు వెంటబడి రెచ్చగొడితే కోపంల అన్నడు. తెల్లారి స్వామే బ్యాగు తెచ్చి చేతుల వెట్టిండు."

స్వామి సంఘంలో కొత్తగా చేరినవాడు. మా గల్లీలోనే ఎల్లమ్మ ఇంట్లో కిరాయికి ఉండేవాడు. అరెస్టు నాడు అతన్నెవరూ పట్టుకోలేదు. పోలీసు జీపులో డ్రైవర్ పక్కన కూర్చుని వెళ్లాడు. అందరం చూశాం. ఎవరమూ నోరు విప్పలేదు.

ఆదివారం గల్లీ ఆడవాళ్లం లీదియా ఇంట్లో కిటికీలు మూసుకుని కూర్చున్నాం.

"మాట్లాడితే మన పిల్లల్నీ తీసుకుపోతారండీ," అన్నాను.

"మాట్లాడకుంటే వదుల్తరా జయక్కా?" అంది ఎల్లమ్మ. "స్వామిగాడు గా టవర్ పనికి నా కొడుకును గూడ పిలిచిండు. వాడు బద్ధకస్తుడు, మంచం దిగలే. గందుకే ఇంట్ల ఉన్నడు."

నవ్వాం. బయట బండి చప్పుడైతే నవ్వు ఆగిపోయింది. తర్వాత ఒక్కొక్కరే నోరు విప్పారు. మా ఆయన్నూ రమ్మన్నాడని ఒకరు, మా తమ్ముణ్నీ రమ్మన్నాడని ఇంకొకరు. స్వామి తట్టని తలుపు లేదు.

"మళ్ల చెప్తే మళ్ల నా మాట కోస్తరు," అంది లీదియా.

"లైవ్‌లనే చెప్దాం. ఒక్కతి గాదు. ఆపిన కాడికెల్లి ఇంకొకతి అందుకోవాలె," అంది ఎల్లమ్మ.

మర్నాడు టీవీ బండి వచ్చింది, వెనకే పోలీసు జీపు. లైవ్ అయితేనే మాట్లాడతామన్నాం. విలేకరి ఆకాష్ ఫోన్‌లో ఆఫీసును అడిగి ఒప్పుకున్నాడు. ఉగ్రవాది తల్లి ఏడుస్తుందని ఆశపడ్డారేమో.

"ఆంటీ, మీవాడు టవర్ కూల్చాలన్నాడా లేదా? ఒక్క మాటలో చెప్పండి."

"అన్నడు," అంది లీదియా. "స్వామి నెల దినాలు..."

ఆకాష్ మైకు వెనక్కి లాగాడు. ఎల్లమ్మ అతని మణికట్టు పట్టుకుంది. "వెంటబడి రెచ్చగొట్టిండు. నా ఇంట్ల కిరాయికున్నోడు. అరెస్టు నాడు పోలీసుల..."

ఎస్సై సైగ చేశాడు. ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు ఎల్లమ్మను జీపులోకి తోశారు.

నేను మైకు ముందుకు నడిచాను.

"పోలీసుల జీపులో, డ్రైవర్ పక్కన కూర్చుని వెళ్లాడండి. నేను చూశాను."

ఒక చెయ్యి నా జబ్బ పట్టి లాగింది. వెనక నుంచి మా పక్కింటి పుణ్యవతి గొంతు: "నేను గూడ చూసిన. బ్యాగు తెచ్చింది గూడ స్వామే..."

కెమెరా మీది ఎర్రదీపం ఆరిపోయింది. పుణ్యవతి ఆగలేదు. డ్యూటీలకు బయల్దేరినవాళ్లు నిలబడి ఫోన్లు పైకెత్తారు. ఆమె తర్వాత ఇంకో గొంతు అందుకుంది.

నన్ను జీపెక్కించారు. ఎల్లమ్మ తన పక్కనున్న కానిస్టేబుల్‌ను మోచేత్తో పొడిచింది.

"జర జరుగు బిడ్డా. ఇంక మస్తుమంది వచ్చేటోళ్లున్నరు."