వసంత్ కుంజ్ రికార్డులో పదహారు నిమిషాలు

తల్లి పోయిన కబురు విని మా అమ్మాయి సునంద పూనా హాస్టల్ నుంచి బయల్దేరింది. రాగానే ఏమడుగుతుందో నాకు తెలుసు: "అమ్మ బాధపడిందా నాన్నా?" లేదని చెప్పమని అందరూ నూరిపోశారు. కానీ కస్తూరి ఎలా పోయిందో నా చేత్తో తీసిన రికార్డులోనే ఉంది.

హిమాలయాల్లో చమోలీ భూకంపం వచ్చి, ఢిల్లీని కూడా ఊపి నెలయింది. ఢిల్లీలో ఏ నేల ఎంత ఊగుతుందో తేల్చే పని మా ఆఫీసు మీద పడింది. దానికి మళ్ళీ భూకంపం రానక్కర్లేదు. లారీలకీ గాలికీ నేల ఎప్పుడూ సన్నగా అదురుతూనే ఉంటుంది. ఆ అదురును ఓ అరగంట పట్టుకుంటే, కింద మెత్తమట్టి ఎంత లోతుందో, రాయి ఎక్కడ తగులుతుందో లెక్క కట్టొచ్చు. దగ్గర్లో మనిషి అడుగు పడిందా, లెక్క చెడుతుంది.

ఆదివారం పొద్దున ఆ అదురును పట్టే పరికరాన్ని వసంత్ కుంజ్‌లో మా ఇంటి పెరట్లోనే పెట్టాను.

"అరగంట కదలకు, పిలవకు. కొంప మునిగినా సరే!" అన్నాను కస్తూరితో.

"ఈ నేల నాకు సవతై కూర్చుందండీ," అని నవ్వుకుంటూ లోపలికెళ్ళింది.

పద్నాలుగో నిమిషంలో తెర మీద గీత ఎగిరిపడింది. "ఛీ, చెబితే వినదు కదా ఈ మనిషి!" అని పళ్ళు నూరాను. తర్వాత ఆగి ఆగి చిన్న చిన్న దెబ్బలు. ఏదో దంచుతోందనుకున్నాను. కాగితం మీద దెబ్బకో గీత పెట్టుకుంటూ, పక్కన 'వంటింటి చప్పుడు, తీసెయ్యాలి' అని రాసుకున్నాను. వెళ్ళి కేకలేద్దామంటే నా అడుగూ పడుతుంది. మిగతా పదహారు నిమిషాలూ అక్కడే కూర్చున్నాను.

వెళ్ళి చూస్తే వంటింటి గచ్చు మీద పడి ఉంది, పిడికిలి నేలకానించి. దంచిన జాడే లేదు. గొంతే పడిపోయిందో, నేను వద్దన్నానని పిలవలేదో, ఇప్పుడెవర్ని అడగను? ఆస్పత్రిలో డాక్టరు, "కొంచెం ముందు తెచ్చుంటే..." అని ఆగిపోయాడు.

"పడగానే పోయిందని చెప్పవయ్యా. పిల్ల తట్టుకోవాలి గదా," అన్నారు మా పై అధికారి రాధాకృష్ణమూర్తిగారు.

సునంద వచ్చింది. నా చేతులు పట్టుకుని అదే అడిగింది. అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ కస్తూరి పిలిచిన పిలుపును ఒకసారి కొట్టిపారేశాను. రెండోసారి నా వల్ల కాలేదు.

"వెంటనే పోలేదమ్మా. నేలను చేత్తో కొట్టి పిలిచింది."

"ఆప్ కహాఁ థే? మీరెక్కడున్నారు?"

"పెరట్లో."

"ఎన్నిసార్లు పిలిచింది?"

"పదకొండు."

సునంద నా చేతులు వదిలేసింది. "ఆప్‌నే గినా? కూర్చుని లెక్కపెట్టారా నాన్నా?"

"లెక్కపెట్టాను తల్లీ," అన్నాను. "లేచి వెళ్ళలేదు."